అత్త సొమ్ము, అల్లుడి దానం

అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం పదో సెక్షన్‌లో రాష్ట్రాలు చేయకూడని పనుల వరస ఒకటుంది. విదేశాలతో సంధులు చేసుకోకూడదు, సొంత నాణేలు కొట్టించుకోకూడదు, ఎవరికీ కులీన బిరుదులు ఇవ్వకూడదు. ఆ వరసలోనే, ఒప్పందాల వల్ల ఏర్పడిన బాధ్యతను చెరిచే చట్టం ఏ రాష్ట్రమూ చేయరాదని ఒక చిన్న ముక్క ఉంది. 1889 దాకా రాష్ట్ర చట్టాల చెల్లుబాటును ప్రశ్నిస్తూ ఆ దేశపు సుప్రీంకోర్టు ముందుకొచ్చిన కేసుల్లో 40 శాతానికి దగ్గరగా ఈ ముక్క మీదే నడిచాయని బెంజమిన్ రైట్ 1938లో లెక్కగట్టాడు. ఇప్పుడు దానికి న్యాయశాస్త్ర తరగతుల్లో దక్కేది శ్రాద్ధ మర్యాద మాత్రమే. అది షావుకార్ల కోసం పుట్టిందనీ, కార్మిక చట్టాలను మట్టుబెట్టిన పాత కోర్టుల ధోరణికి చుట్టమనీ, 1934 జనవరి 8న మిన్నెసోటా తనఖా కేసులో దాని ప్రాణం పోయిందనీ, పోవడమే మంచిదైందనీ పాఠం ముగుస్తుంది. ఈ కథనాన్ని చెప్పేవాళ్లలో చాలామంది పేదల పక్షాన ఉన్నామని నమ్మేవాళ్లే. ఆ నమ్మకాన్ని నేను శంకించడం లేదు. అయితే వాళ్లు చెప్పే పుట్టుక కథ సగమే నిజం, చుట్టరికం తప్పు, చావు కబురు ఉత్తది. ఈ మూడింటి చాటున అసలు ప్రశ్న దాగిపోయింది. బాకీదారు మీద రాష్ట్రానికి దయ కలిగినప్పుడు ఆ దయకయ్యే ఖర్చు ఎవరి జేబులోంచి రావాలి? కాంట్రాక్టుల నిబంధన అని పిలిచే ఆ ముక్క అడిగేది ఇదొక్కటే. ప్రభుత్వాలు తప్పించుకోవాలని చూసేదీ దీన్నే.

ముందు పుట్టుక సంగతి. స్వాతంత్ర్య యుద్ధం ముగిశాక 1780లలో అమెరికా రాష్ట్రాలు అప్పుల వాయిదా చట్టాలు, కాగితం డబ్బు చట్టాలు వరసపెట్టి చేశాయి. 1786లో మసాచుసెట్స్‌లో బాకీల కింద భూములు పోతున్న రైతులు తుపాకులు పట్టుకుని కోర్టులను మూయించారు. ఆ మరుసటి ఏడాది ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాయడానికి కూర్చున్నవాళ్లకు ఈ భయం ఉన్నమాట నిజం. చార్లెస్ బియర్డ్ 1913లో రాసిన పుస్తకంలో, ఆ పెద్దమనుషుల చేతుల్లో ఉన్న బాండ్లకూ వాళ్లు రాసిన రాజ్యాంగానికీ ముడిపెట్టాడు. బియర్డ్ లెక్కలను తర్వాతి చరిత్రకారులు చాలా మట్టుకు తూర్పారబట్టారు. ఆ తగవు జోలికి నేను వెళ్లను. రాసినవాళ్లలో అప్పులిచ్చినవాళ్లు ఉన్నారనే అనుకుందాం. కానీ ఆ రోజుల్లో అప్పిచ్చినవాడంటే ఎవరు? రోడ్ ఐలాండ్ రాష్ట్రం 1786లో లక్ష పౌండ్ల కాగితం డబ్బు అచ్చువేసి, దాన్ని ముఖవిలువకు తీసుకోనివాడికి వంద పౌండ్ల జరిమానా, అదీ జ్యూరీ విచారణ లేకుండా వేయవచ్చని చట్టం చేసింది. ఆ చట్టం కింద కోర్టుకెక్కినవాడు బ్యాంకరు కాదు, న్యూపోర్ట్ బజారులో మాంసం అమ్ముకునే కసాయి. విలువ పడిపోయిన కాగితానికి మాంసం కొట్టనన్నాడు. కోర్టు అతని మీది ఫిర్యాదును తోసిపుచ్చితే, చట్టసభ ఆ జడ్జీలనే పిలిపించి సంజాయిషీ అడిగింది. ఇది కాగితం డబ్బు కేసు, దానికి రాజ్యాంగంలో పక్క ముక్క వేరే ఉంది. అయినా రెండు ముక్కలూ ఒకే అనుభవంలోంచి పుట్టాయి. చట్టసభ బాకీదారు మీద దయ తలచిన రోజున దెబ్బ తినేది ఎప్పుడూ మేడలోవాడే కానక్కర్లేదని ఆ కసాయి కథ చెబుతుంది.

నిబంధన మాటలు మొదట కనబడేది కూడా ఫిలడెల్ఫియాలో కాదు. 1787 జులై 13న పాత కాంగ్రెస్ చేసిన వాయవ్య ప్రాంతపు చట్టంలో, మోసం లేకుండా సదుద్దేశంతో ముందే కుదిరిన ప్రైవేటు ఒప్పందాల్లో ఏ చట్టమూ జోక్యం చేసుకోరాదని రాశారు. ఆగస్టు 28న ఫిలడెల్ఫియా సభలో రూఫస్ కింగ్ దాన్నే రాజ్యాంగంలోనూ పెడదామన్నాడు. గవర్నర్ మోరిస్ ఒప్పుకోలేదు (గవర్నర్ అన్నది అతని పేరే, పదవి కాదు). దావాలు వేసే పద్ధతిని మార్చే మామూలు చట్టాలు కూడా ఒప్పందాలను తాకుతాయి కదా అన్నాడు. ఇబ్బందులున్నా లాభమే ఎక్కువని మాడిసన్, వెనక్కి వెళ్లి తాకే జోక్యాన్నే నిషేధిస్తున్నామని విల్సన్ సర్దిచెప్పారు. ఆ రోజుకు ప్రతిపాదన వీగిపోయినా సెప్టెంబరులో భాషను చక్కదిద్దే కమిటీ చేతుల మీదుగా మళ్లీ లోపలికొచ్చింది. అప్పుడు ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ లేచి ఇదే కట్టు కాంగ్రెస్‌కూ వేయమంటే బలపరిచినవాడే లేకపోయాడు. నిబంధన విలువను తక్కువచేసేవాళ్లు ఈ చివరి ఘట్టాన్ని ఎత్తిచూపుతారు. ఒప్పందం అంత పవిత్రమైతే కేంద్రానికెందుకు మినహాయింపు అంటారు. నా లెక్కలో నిబంధనకు అసలు బలం అక్కడే ఉంది. ఒక రాష్ట్ర చట్టసభను ఎన్నుకునేది ఆ రాష్ట్రపు ఓటర్లు. అప్పిచ్చినవాళ్లు చాలాసార్లు ఎక్కడో హార్ట్‌ఫర్డ్‌లోనో న్యూయార్క్‌లోనో ఉంటారు, వాళ్లకు ఇక్కడ ఓటు లేదు. బాకీ కొట్టేస్తే వచ్చే మెప్పు ఇక్కడ మిగులుతుంది, నష్టం సరిహద్దు దాటిపోతుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఉండదు. కాంగ్రెస్‌కు ఆ వెసులుబాటు తక్కువ. రెండు వైపులవాళ్లూ దాని ఓటర్లే, పైగా దేశమంతటికీ ఒకే దివాలా చట్టం చేసే అధికారం దానికి విడిగా ఇచ్చారు. కాబట్టి ఈ నిబంధనను ఒప్పందానికి చేసిన పూజగా చూడటం పొరపాటు. ఒకరి ఖర్చుతో మరొకరికి మేలు చేయడం మరీ సులువైపోయిన చోట వేసిన గొళ్లెం అది.

దాని తొలినాళ్ల చరిత్రలో గర్వపడాల్సింది తక్కువేనని ఒప్పుకోవాలి. 1795లో జార్జియా చట్టసభ సుమారు మూడున్నర కోట్ల ఎకరాలను 5 లక్షల డాలర్లకు, అంటే ఎకరం ఒకటిన్నర సెంటుకు, స్పెక్యులేటర్ల కంపెనీలకు అమ్మేసింది. ఓటేసినవాళ్లలో దాదాపు అందరికీ అందులో ముడుపులు ముట్టాయి. మరుసటి ఏడాది కొత్త సభ ఆ అమ్మకాన్ని రద్దుచేస్తే, 1810లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ ఆ రద్దే చెల్లదన్నాడు. వాయవ్య చట్టంలో ఉన్న ‘మోసం లేకుండా’ అన్న షరతు రాజ్యాంగంలోకి రాకపోవడం వల్ల దాపురించిన అనర్థం ఇది. ఆ తీర్పును వెనకేసుకు రావడం నా పని కాదు. అయితే కథ అక్కడ ఆగలేదు. 1814లో కాంగ్రెస్ ఆ భూముల హక్కుదారులకు 50 లక్షల డాలర్ల దాకా పరిహారం మంజూరు చేసి చిక్కు విప్పింది. లంచగొండి సభ చేసిన తప్పుకు చివరికి ఖర్చు పెట్టుకున్నది ఖజానా. కాలేజీ చార్టరు కూడా ఒప్పందమేనన్న 1819 డార్ట్‌మత్ తీర్పు కంపెనీలకు కోటగోడ అయిందన్న ఫిర్యాదుకూ అప్పట్లోనే మందు దొరికింది. చార్టరులో స్పష్టంగా రాయని హక్కులు కంపెనీకి లేవని 1837 వంతెన కేసులో ప్రధాన న్యాయమూర్తి టేనీ తేల్చాడు. చార్టరును కూడా పరిహారమిచ్చి ప్రజావసరానికి తీసుకోవచ్చని 1848లో మరో వంతెన కేసు తేల్చింది. లాటరీ నడుపుకోమని ఇచ్చిన చార్టరును ప్రజల నీతి కోసం తర్వాతి సభ రద్దు చేయవచ్చని 1880లో మిసిసిపీ కేసు తీర్మానించింది. ఇవన్నీ సరైన తీర్పులే.

ఇక చుట్టరికం. ఈ నిబంధన పేరెత్తగానే న్యూయార్క్ బేకరీ కార్మికులను గుర్తు చేయడం ఆనవాయితీ. రోజుకు పది గంటలు, వారానికి అరవై గంటలు మించి పని చేయించరాదన్న చట్టాన్ని 1905లో లాక్‌నర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అది కోర్టు చరిత్రలో చెరగని మచ్చ, అందులో వాదం లేదు. కానీ ఆ తీర్పు నిలబడింది పద్నాలుగో సవరణ మీద, అందులోంచి జడ్జీలు లాగిన ఒప్పంద స్వేచ్ఛ మీద. రేపు కుదుర్చుకోబోయే ఒప్పందాల షరతులను కూడా రాష్ట్రం నియంత్రించకూడదన్నది ఆ సిద్ధాంతం. కాంట్రాక్టుల నిబంధన ఆ మాట ఎన్నడూ అనలేదు. 1827లోనే ఆగ్డెన్ కేసులో నలుగురికి ముగ్గురు మెజారిటీతో కోర్టు గీత గీసింది. చట్టం వచ్చాక కుదిరిన ఒప్పందాలకు ఆ చట్టం వర్తిస్తుంది, ముందే కుదిరినవాటి జోలికి వెళ్లరాదు. మార్షల్ అంతటివాడు రెండో వైపు నిలబడి ఓడిపోయాడు. ఆయన ఓడిపోవడం దేశానికి మేలే. కనీస వేతనం, పని గంటలు, వడ్డీ పరిమితి, అద్దె నియంత్రణ, దివాలా రక్షణ, ఏదైనా సరే, రేపటి నుంచి అమలయ్యేలా రాసుకుంటే ఈ నిబంధన అడ్డురాదు. అప్పిచ్చేవాడు కొత్త చట్టం చూసుకుని ఇస్తాడు, నచ్చకపోతే మానుకుంటాడు. చెయ్యి దాటిన డబ్బు విషయంలో ఆ వీలు లేదు. లాక్‌నర్ రేపటిని కట్టేసింది, ఈ నిబంధన కాపాడేది నిన్నటిని. ఒకదాని పాపానికి రెండోదాన్ని శిక్షించడం, రంగయ్య తప్పుకు రామయ్యకు జరిమానా వేయడం లాంటిది.

ఇప్పుడు చావు కబురుకు వద్దాం. 1933 వసంతంలో మధ్య అమెరికా పల్లెలు మండుతున్నాయి. అయోవాలోని లే మార్స్‌లో జప్తు కేసులు వినే జడ్జిని రైతులు కోర్టులోంచి లాక్కెళ్లి ఉరితాడు చూపించారు. ఆ ఏడాదే ఏప్రిల్ 18న మిన్నెసోటా తనఖా మారటోరియం చట్టం చేసింది. వేలం అయ్యాక ఆస్తిని విడిపించుకోవడానికి అప్పటికే ఉన్న ఏడాది గడువును, కోర్టు అనుమతితో 1935 మే 1 దాకా పొడిగించవచ్చన్నది. కేసుకెక్కింది మినియాపొలిస్‌లో పద్నాలుగు గదుల ఇల్లు. యజమానులు కొన్ని గదుల్లో ఉంటూ మిగతావి అద్దెకిచ్చేవాళ్లు. తనఖా పట్టినది ఒక గృహ రుణ సంఘం. వేలంలో తనకు రావాల్సిన 3,700.98 డాలర్లకు ఆ సంఘమే ఇల్లు పాడుకుంది. అలాంటి సంఘాలు సాధారణంగా సభ్యుల పొదుపు సొమ్ముతో నడిచేవి. మన పొదుపు సంఘాలను, చిట్టీలను ఎరిగినవాళ్లకు ఆ డబ్బు రంగు తెలుసు. చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు ఐదుగురికి నలుగురు మెజారిటీతో చెప్పింది. న్యాయమూర్తి సుదర్లాండ్ అసమ్మతి తీర్పులో, ఈ నిబంధనను రాసిందే ఇలాంటి గడ్డుకాలంలో ఇలాంటి చట్టాలను ఆపడానికి కదా అన్నాడు. చరిత్ర విషయంలో ఆయన మాటకు నా దగ్గర జవాబు లేదు. అయినా మెజారిటీ చేసినది, పాఠం చెప్పేవాళ్లు అన్నంత ఘోరమూ కాదు, అన్నంత ధర్మమూ కాదు.

ప్రధాన న్యాయమూర్తి హ్యూస్ ఏ కారణాల మీద నిలబడ్డాడో ఓపిగ్గా చూడండి. నిజమైన అత్యవసర పరిస్థితి ఉంది. చట్టం కొందరి లాభానికి కాకుండా సమాజపు మూలావసరానికి చేసినది. అసలు తగ్గలేదు, వడ్డీ నడుస్తూనే ఉంది, వేలం చెల్లుబాటు పోలేదు, చివరికి కట్టకపోతే ఆస్తి అప్పిచ్చినవాడికే దక్కుతుంది. గడువుకు ఒక తేదీ ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ రెండేళ్లూ ఇంట్లో ఉన్నవాళ్లు న్యాయమైన అద్దె కట్టాలి. ఈ కేసులో దాన్ని నెలకు 40 డాలర్లుగా కోర్టు ఖరారు చేసింది. అంటే అప్పిచ్చినవాడు కోల్పోయినది కాలం. ఆ కాలానికి వెల కట్టించారు. కాంట్రాక్టుల నిబంధన చచ్చిపోతే ఈ షరతులన్నీ ఎందుకు ఏకరువు పెట్టినట్టు? అదే ఏడాది మే నెలలో అర్కాన్సా చట్టం ఒకటి అదే కోర్టు ముందుకొచ్చింది. జీవిత బీమా సొమ్మును పాత బాకీలకు కూడా దొరక్కుండా పూర్తిగా తప్పించిన చట్టం అది. మొత్తానికి పరిమితి లేదు, కాలానికి పరిమితి లేదు, షరతు లేదు. అది చెల్లదని తీర్పు రాసినది ఆ హ్యూసే, తొమ్మిది మందీ ఆ ఫలితానికి ఒప్పుకున్నారు. 1935లో అర్కాన్సాదే మరో చట్టం వచ్చింది. స్థానిక అభివృద్ధి బాండ్ల బకాయిల వసూలును 65 రోజుల పని నుంచి కనీసం రెండున్నరేళ్ల పనిగా మార్చి, ఆలస్యపు జరిమానాను 20 శాతం నుంచి 3 శాతానికి దించింది. న్యాయమూర్తి కార్డోజో దాన్నీ కొట్టేశాడు. కార్డోజోను షావుకార్ల మనిషని ఎవరూ అనలేదు. శవానికి ఇంత కదలిక ఉండదు. మిన్నెసోటా తీర్పు నిబంధనను చంపలేదు, అత్యవసరంలో రాష్ట్రం ఎంతదూరం పోవచ్చో కొలత చెప్పింది. ఆ కొలతను పారేసినది తర్వాతి తరం.

అప్పిచ్చినవాళ్లలో ఎక్కువమంది బీమా కంపెనీలు, బ్యాంకులే కదా, వాళ్లు ఓర్చుకోలేరా అన్న ప్రశ్న హ్యూస్ తీర్పులోనూ వినిపిస్తుంది. బీమా కంపెనీ సొమ్ము పాలసీదారులది, బ్యాంకు సొమ్ము డిపాజిటుదారులది. ఆ వాదన అక్కడే నీరుగారిపోయినా, దానికంటే గట్టి జవాబు ఆ ఏటి చరిత్రలోనే ఉంది. మిన్నెసోటా చట్టం వచ్చిన రెండు నెలలకు, 1933 జూన్‌లో, కాంగ్రెస్ గృహ యజమానుల రుణ సంస్థను పెట్టింది. అది ఎగవేత అంచున ఉన్న తనఖాలను అప్పిచ్చినవాళ్ల నుంచి తన బాండ్లు ఇచ్చి కొని, ఇంటివాళ్లకు దీర్ఘకాలపు వాయిదాలతో కొత్త అప్పుగా రాసింది. పది లక్షలకు పైగా ఇళ్లకు 300 కోట్ల డాలర్లకు మించి ఇచ్చింది. వాటిలో సుమారు ఐదో వంతు ఇళ్లు చివరికి సంస్థ చేతికే వచ్చాయి కాబట్టి ఆ దయ పప్పుబెల్లాల పంపకం కాదు. 1951లో లెక్కలు మూసేనాటికి సంస్థ కొద్దిపాటి మిగులు చూపింది. ఇల్లు నిలిచింది, అప్పిచ్చినవాడికి సమ్మతమైన బాండు చేతికొచ్చింది, నష్టభయం దేశమంతా కలిసి మోసింది. మారటోరియాల సంగతికొస్తే, లీ ఆల్‌స్టన్ 1984లో ఆనాటి వ్యవసాయ రుణాలను పరిశీలించి, ఆ చట్టాలు చేసిన రాష్ట్రాల్లో తర్వాత అప్పు పుట్టడం కష్టమైందని, వడ్డీ పెరిగిందని చూపించాడు. ఆ భారం మోసినవాళ్లు చట్టం కాపాడిన బాకీదార్లు కారు. ఆ మరుసటి ఏడాది విత్తనాలకు అప్పు కోసం వెళ్లిన పక్క పొలం రైతులు.

ప్రభుత్వమే బాకీదారైనప్పుడు ఈ నిబంధన ఎవరి పక్షమో ఇంకా తేటగా కనబడుతుంది. ఇండియానా 1927లో బడి పంతుళ్లకు ఉద్యోగ భద్రత చట్టం చేసి, 1933లో పల్లె బడులకు దాన్ని ఎత్తేసింది. అలా తొలగించిన ఒక ఉపాధ్యాయిని 1938లో సుప్రీంకోర్టులో గెలిచింది. ఆమెకు ఆధారమైంది షావుకార్ల చట్టమని పేరుపడ్డ ఈ నిబంధనే. అంతకు ముందు ఏడాది షికాగో ఉపాధ్యాయులు పింఛను కోత మీద వేసిన కేసు ఓడిపోయింది. చట్టంలో హామీ ఉందే గాని ఒప్పందం లేదన్నారు. మాటకూ ఒప్పందానికీ మధ్య ఆ తేడా పింఛనుదారుకు ఎంత ప్రాణాంతకమో చెప్పనక్కర్లేదు. 1962లో న్యూయార్క్, న్యూజెర్సీ రాష్ట్రాలు పోర్ట్ అథారిటీ బాండ్లు కొన్నవాళ్లకు, తాకట్టు పెట్టిన ఆదాయాన్ని రైళ్ల నష్టాలకు పరిమితి దాటి వాడబోమని మాటిచ్చి, 1974లో ఆ మాట ఎత్తేశాయి. 1977లో కోర్టు నలుగురికి ముగ్గురు మెజారిటీతో అది చెల్లదంది. తన సొంత బాకీ విషయంలో తానే తీర్పరినంటే రాష్ట్రం మాటను అంత తేలిగ్గా నమ్మలేమన్నది తీర్పు రాసిన న్యాయమూర్తి బ్లాక్‌మన్ తర్కం. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న మన సామెతను ఆయన వినలేదు గాని అదే రాశాడు. ఇలినాయ్ 2013లో పింఛన్లు తగ్గిస్తూ చేసిన చట్టాన్ని 2015లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. అక్కడి రాజ్యాంగంలో పింఛను ఒప్పందమని విడిగా రాసి ఉంది. ఖజానా కష్టాల్లో ఉందన్న వాదనను కోర్టు ఆలకించలేదు, దశాబ్దాలుగా పింఛను నిధికి జమ చేయాల్సింది చేయకుండా ఆ కష్టం తెచ్చుకున్నది రాష్ట్రమే కాబట్టి.

ఇక్కడ నాకు ఎదురుపడే బలమైన కేసు 1978 నాటిది. మళ్లీ మిన్నెసోటాయే. ఈ నిబంధన చరిత్ర రాస్తే సగం పేజీలు ఆ రాష్ట్రానికే పోతాయి. 1974లో అది, ఉద్యోగులకు అప్పటిదాకా దక్కని పింఛను హక్కులకు వెనకటి తేదీ నుంచి డబ్బు కట్టమని, ఆఫీసు మూసేసే కంపెనీల మీద భారం వేసింది. ఒక ఉక్కు కంపెనీకి పడిన బిల్లు 1,85,000 డాలర్ల దాకా తేలితే సుప్రీంకోర్టు దాన్ని చెల్లదంది. నష్టపోయింది కార్మికులే. అది బాధాకరమే, దాన్ని దాచను. కానీ అదే 1974లో కాంగ్రెస్ దేశమంతటికీ పింఛను భద్రత చట్టం చేసింది. కంపెనీలు ముందుగా తెలుసుకుని లెక్కవేసుకునే గడువుతో, రాబోయే కాలానికి వర్తించేలా దాన్ని రాసింది. కార్మికుడికి ఇవాళ దక్కుతున్న రక్షణ అందులోంచి వచ్చింది. పాత ఒప్పందాన్ని తిరగరాయకుండా కార్మికుడిని కాపాడలేమన్నది నిజమైతే ఈ చట్టం పుట్టేదే కాదు. 1983 తర్వాత కోర్టులు కొలతను వదిలేశాయి. రాష్ట్రం స్వయంగా పక్షం కానప్పుడు, ప్రజాప్రయోజనం కోసమని చట్టసభ అంటే చాలు, ఆ మార్గం అవసరమా అని గుచ్చి అడగకూడదన్న పద్ధతి స్థిరపడింది. విడాకులైతే పాత బీమా పాలసీలో జీవిత భాగస్వామి పేరు దానంతటదే రద్దవుతుందన్న మిన్నెసోటా చట్టాన్ని 2018లో ఎనిమిది మంది సమర్థించారు, న్యాయమూర్తి గోర్సచ్ ఒక్కడే అడ్డం తిరిగాడు. విడాకులిచ్చే కోర్టే దంపతులకు పాలసీ సంగతి గుర్తుచేస్తే సరిపోయేదానికి పాత పాలసీలను చట్టంతో మార్చడమెందుకన్నాడు. మొత్తం చిన్నదే కావచ్చు, ఆయన అడిగిన ప్రశ్న మాత్రం హ్యూస్ అడిగినదే.

మన రాజ్యాంగంలో ఇలాంటి నిబంధన లేదు. ఉంటే జమీందారీ రద్దు జరిగేదా అని మనవాళ్లు అడుగుతారు. పరిహారమిచ్చి ఒప్పందాన్ని సైతం తీసుకోవచ్చన్న 1848 తీర్పు దానికి జవాబు. మన దగ్గర జరిగిన పోరాటం కూడా ఆ పరిహారం ఎంతన్న దాని మీదే. అంతకంటే దగ్గరి విషయం అప్పులు. 1938 మద్రాసు వ్యవసాయదారుల సహాయ చట్టం కోస్తా, రాయలసీమ రైతులకూ వర్తించింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని ఒక్క వేటుతో కొట్టేసింది. చక్రవడ్డీ కింద నలిగిన ఆనాటి రైతుకు ఆ పూట అది అమృతమే. దోపిడీ వడ్డీని అన్యాయపు ఒప్పందంగా రద్దుచేసే అధికారం 1918 చట్టం కింద కోర్టులకు అప్పటికే ఉంది, మోసంతో పుట్టినదాన్ని వాయవ్య చట్టమూ కాపాడలేదు. నాకు పేచీ ఉన్నది ఇచ్చినవాడి మంచిచెడ్డలు చూడకుండా అందరి వడ్డీనీ ఒకే గాటన కట్టడంతో. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్సు తెచ్చింది. ఇళ్ల మీదకొచ్చి వేధించే వసూళ్లను ఆపడం ఏ ప్రభుత్వానికైనా విధే, ఒప్పంద బాధ్యతలో వేధించే హక్కు లేదు. అయితే దాంతోపాటు వారం వాయిదాలు ఆగి, వసూళ్లే దాదాపు నిలిచిపోయాయి. ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ తర్వాత చేసిన అధ్యయనం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఆంధ్రలో డబ్బు చిక్కుకుపోయిన సంస్థలు వేరే రాష్ట్రాల్లో అప్పులివ్వడం తగ్గించాయి, అక్కడి జిల్లాల్లో కూలి రేట్లు పడిపోయాయి. హైదరాబాదులో చేసిన దయకు బిల్లు ఆంధ్ర పేరు వినని కూలివాడికి వెళ్లింది. ఇక 2019లో అదే రాష్ట్రం పాత సౌర, పవన విద్యుత్ ఒప్పందాల ధరలు తిరగదోడబోతే, యూనిట్‌కు రెండున్నర రూపాయల లోపు తాత్కాలిక ధర కొన్నేళ్లు నడిచి, చివరికి 2022 మార్చిలో హైకోర్టు డివిజన్ బెంచ్ దాన్ని కొట్టేసింది. అంతదాకా బకాయిలు పేరుకుంటూనే ఉన్నాయి.

సరే, కోవిడ్ లాంటి విపత్తులో అద్దె కట్టలేనివాణ్ని రోడ్డు మీద పడేయమంటారా అన్నది చివరి అభ్యంతరం. పడేయొద్దనే అంటాను. 2020లో రాష్ట్రాలు వరసగా అద్దెదార్ల ఖాళీ చేయింపును ఆపాయి. కొన్ని నెలల ఆపుదల, బాకీ అలాగే నిలిచి ఉండటం, ముగింపు తేదీ, ఇవన్నీ హ్యూస్ కొలతలో ఇమిడేవే. న్యూయార్క్ నగరం అక్కడ ఆగలేదు. దుకాణాల అద్దెలకు వ్యక్తిగతంగా హామీ ఉన్నవాళ్ల బాధ్యతను, 2020 మార్చి నుంచి 2021 జూన్ దాకా పడ్డ బాకీల మేరకు, శాశ్వతంగా తుడిచేసింది. వాయిదా లేదు, అద్దె లేదు, పరిహారం లేదు. 2021లో అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు, నష్టపోయిన యజమానుల కేసును కొట్టేయడానికి వీల్లేదంటూ, 1934 తీర్పులోని షరతులను ఒక్కొక్కటిగా పక్కన పెట్టుకుని ఈ చట్టంతో పోల్చి చూసింది. మరుసటి ఏడాది మరో అప్పీలు కోర్టు మిన్నెసోటా మారటోరియం మీది కేసునూ ముందుకు పోనిచ్చింది. చాలా కోర్టులు మాత్రం చట్టసభ మాటే చాలని తలూపాయి. ఈలోగా కాంగ్రెస్ 2020 డిసెంబరులోనూ 2021 మార్చిలోనూ కలిపి అద్దె సహాయానికి 46 బిలియన్ డాలర్లకు పైగా కేటాయించింది. పంపిణీ నత్తనడకన సాగింది, చాలామందికి ఆలస్యంగా అందింది. అయినా అద్దెదారును కాపాడే ఖర్చు ఇంటి యజమానిది కాదు, దేశానిదని ఒప్పుకుంటూ వేసిన లెక్క అది. చట్టసభే డబ్బు లెక్కపెట్టి మరీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పాక, అలాంటి ప్రశ్నే లేదని కోర్టులు ఏ ఆధారంతో అంటున్నాయో నిబంధనకు శ్రాద్ధం పెట్టినవాళ్లే చెప్పాలి.